లంకరేవులో పడవ ఆలస్యం

ఏం ఉద్యోగం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే, నీళ్ళు గీసేదాన్ని అని చెబుతాను. వినేవాళ్ళు నవ్వుతారు గానీ అది అబద్ధం కాదు. హైదరాబాదులో కార్టూన్లు తీసే కంపెనీలో ఏళ్ళ తరబడి బొమ్మల వెనక కనిపించే అడవులూ కొండలూ కోటలూ వేశాను. ఆ కోటల్లో ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ తర్వాత అమలాపురంలో, బస్టాండు వెనక టైర్ల కొట్టు మేడమీద గదిలో కూర్చుని, ఒక వీడియో గేము కోసం గీసిన గోదావరి. కళ్ళకి శుక్లాలు తీయించుకున్నాక కంప్యూటరు ముందు కూర్చోవడం మానేశాను కాబట్టి ఇప్పుడు నేను రిటైరైన మనిషిని.

గేములు చేసే పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "కొత్త లంకరేవు చూసేమండీ, భలేగుందండీ, చివర్లో మీ పేరు కూడా వేసేరండీ" అంటారు. నేను కాఫీ ఇచ్చి మాట మారుస్తాను. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే విసుగొస్తుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నా వల్ల కావడం లేదు, అందుకని రాస్తున్నాను.

లంకరేవు అన్న ఆ గేము చేసింది మేం నలుగురం. అసలు ఆలోచన మా ప్రోగ్రామరుది. కాట్రేనికోన వైపు కుర్రాడు. వాళ్ళ నాన్న రేవులో పడవ నడిపేవాడు. ఈ అబ్బాయి ఇంజనీరింగు చదివి హైదరాబాదులో నేను పనిచేసే కంపెనీలోనే చేరాడు. మా విభాగం మూసేసినప్పుడు అందరూ బెంగుళూరు దారి వెతుక్కుంటుంటే ఇతను నా టేబుల్ దగ్గరికొచ్చి, "అత్తయ్యగారండీ, మనూరెళ్ళిపోయి మన రేవు మీద ఓ గేము చేద్దామండీ" అన్నాడు. నా వయసులో సగం లేడు. నీకేమన్నా పిచ్చా అని అడగాల్సింది. అడగడానికి నోరు తెరిచి, "నీళ్ళు మాత్రం నేనే గీస్తాను" అన్నాను.

శబ్దాలు చూసుకోవడానికి ఒక మాస్టారు దొరికారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. వేదం చదువుకున్న కుటుంబం. చిన్నప్పుడు స్వరం కాస్త అటూ ఇటూ అయితే తండ్రిగారు మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవారట. ఆ చెవితో ఈయన కప్పల్నీ చుక్కాని చప్పుడునీ రికార్డు చేస్తూ తిరిగేవారు. గదిలో ఫ్యాను కొట్టుకుంటోందని వేసవిలో ఫ్యాను ఆపించేసిన మనిషి. నాలుగో మనిషి కొత్తపేట అమ్మాయి. బి.ఎడ్. చేసి ఉద్యోగం కోసం చూస్తూ, రేవులో మనుషులు మాట్లాడుకునే మాటలన్నీ మాకు రాసిపెట్టింది. ఆ పిల్ల రాసిన మాటలు చదివితే గట్టుమీద కూర్చున్నట్టే ఉండేది.

గేము సంగతి చాలా చిన్నది. కుట్టుమిషన్లు బాగుచేసే ఒకతను పనిముట్ల పెట్టె పట్టుకుని లంక గ్రామాలన్నీ తిరుగుతాడు. ఒక లంకలో పని అయ్యాక ఇంకో లంకకి వెళ్ళాలంటే రేవుకి రావాలి, పడవ కోసం ఆగాలి. మిషను బాగుచేయడం ఒక చిక్కుముడి విప్పడంలాంటి ఆట, అది తొందరగానే అయిపోతుంది. మిగిలిన సగం గేమంతా రేవులో ఎదురుచూడటమే. టీ తాగొచ్చు. పక్కన కూర్చున్న ముసలమ్మతో మాట్లాడొచ్చు. ఏమీ చేయకుండా నీళ్ళకేసి చూస్తూ ఉండొచ్చు. పోటు వస్తే నీళ్ళు గట్టు రాళ్ళ మీదికి ఎక్కుతాయి, పాటు తీస్తే బురద బయటపడుతుంది, వరద రోజుల్లో రంగు ఎర్రమట్టిలోకి మారుతుంది. అవన్నీ నేను పొర మీద పొర వేసి గీశాను. నీలం రంగు దాదాపు వాడలేదు. మా గోదారిలో నీలం ఎక్కడుంది గనక?

పడవ ఎప్పుడొస్తుందో ఆడేవాళ్ళకి తెలియదు. మాకూ తెలియదు. ఒక్కోసారి టీ చల్లారకముందే వచ్చేసేది, ఒక్కోసారి ఎంతకీ వచ్చేది కాదు. "ఏమయ్యా, నీ పడవ ఎక్కడ చచ్చింది?" అని నేను తిడితే మా ప్రోగ్రామరు నవ్వి, "అవతల పని తెమలాలి కదండీ" అనేవాడు. ఏదో హాస్యానికి అంటున్నాడనుకునేవాళ్ళం.

పడవ వచ్చేముందు నది మధ్యనుంచి ఒక పిలుపు వినపడాలి. అది ప్రోగ్రామరు వాళ్ళ నాన్న గొంతే కావాలని మాస్టారు పట్టుబట్టారు. ఆ రికార్డింగు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మాస్టారు మంచి మైకు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, "ఊఁ, పిలవండి" అన్నారు. ఆయన చేతులు కట్టుకుని, పెళ్ళిలో భోజనానికి పిలిచినట్టు మెల్లగా, "ఎక్కేవోరు రండండీ" అన్నాడు. గట్టిగా అనమంటే ఇంకా మెల్లగా అన్నాడు. ఆఖరికి కొడుకు వెళ్ళి అడిగితే, "ఎదురుగుండా నిలబడ్డ పెద్దమనిషి మీద కేకలేత్తే బాగోదు కదరా" అన్నాడట.

అప్పుడు మాస్టారు ఒక పని చేశారు. మైకు తీసుకుని అవతలి గట్టుకి వెళ్ళిపోయి, మామూలు మనిషిలా పడవ కోసం కూర్చున్నారు. మేమూ వెళ్ళాం. ఎండలో కూర్చుని కూర్చుని మాస్టారు కండువా నెత్తిన వేసుకున్నారు. కొత్తపేట అమ్మాయి చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. మేం రికార్డింగుకి వచ్చామన్న మాటే మరిచిపోయాం. అప్పుడు వినబడింది నీళ్ళ మీదనుంచి.

"రేవోయ్... ఎక్కేవోళ్ళు రండీ... ఇంకెవరన్నా ఉన్నారాండీ..."

ఆ చివరి ముక్క చాలాసేపు సాగింది. ఎవరూ లేరని తెలిసినా ఒకసారి అడిగి చూసే గొంతు అది. అమ్మాయి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు నటించాను. నా కళ్ళ సంగతి ఎవరూ చూడలేదు.

గేము విడుదలయ్యాక మమ్మల్ని తిట్టినవాళ్ళు ఉన్నారు. ఇది ఆటా, బస్టాండులో పడిగాపులా అని రాశారు. మొదటి రేవులోనే ఆపేసి పోయినవాళ్ళు బోలెడుమంది. కానీ ఆగినవాళ్ళు వేరేగా రాశారు. ఎక్కడో చలిదేశం నుంచి ఒకాయన, పడవ రాలేదని లేచి వంట చేసుకుంటుంటే వెనకనుంచి ఆ పిలుపు వినపడి గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చానని రాశాడు. గోదారి పేరు కూడా వినని మనిషి. ఆ ఉత్తరాన్ని కొత్తపేట అమ్మాయి మాకు తెలుగులో చదివి వినిపించిన రోజు నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో జీతం ముట్టినట్టనిపించింది.

తర్వాత ఏముంది, ఎవరి బతుకు వాళ్ళు చూసుకోవాలి కదా. రెండో గేము మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాం. మా ప్రోగ్రామరు విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళాడు. అమ్మాయికి ఆలమూరు దగ్గర స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. మాస్టారు కాలేజీకీ కప్పలకీ తిరిగి వెళ్ళిపోయారు. రేవు దగ్గర వంతెన వచ్చింది. పడవ ఆపేసిన కొన్నాళ్ళకే ప్రోగ్రామరు వాళ్ళ నాన్నకి గొంతులో జబ్బు చేసి ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు గానీ మాట పోయింది. సైగలతోనే బతుకుతున్నాడు. కబురు తెలిసి చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. మాట లేకపోయినా మర్యాదకి లోటు రాలేదు.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద కంపెనీవాళ్ళు లంకరేవుని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేస్తామని వచ్చారు. సంతోషించాం. ఫోన్లలో ఆడుకోవచ్చట, టీవీలో ఆడుకోవచ్చట. కాగితాల మీద సంతకాలు పెట్టాం. చాలా నెలలకి, ఇక విడుదల దగ్గరపడిందనగా, ఒకసారి చూసి చెప్పండని మాకు పంపారు.

చూశాం. నా గోదారి నీలంగా మెరిసిపోతోంది. అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మిషన్లు బాగుచేసేవాడికి వీపున సంచీ, నెత్తిన టోపీ పెట్టారు, వాడు నడవడం మానేసి పరుగెడుతున్నాడు. ఎటు వెళ్ళాలో చూపిస్తూ పసుపు బాణం ఒకటి వాడి ముందే ఉంటోంది. రేవులో ముసలమ్మ టీవీ యాంకరులా మాట్లాడుతోంది, ఒక్క ఆయ్ లేదు, ఒక్క అండీ లేదు. పిలుపుకి ఎవరో గొంతు బాగున్న నటుణ్ణి పెట్టారు. అన్నిటికీ మించి, రేవులోకి రాగానే ఒక మూల 'దాటవేయి' అని మీట వెలుగుతోంది. నొక్కితే అవతలి గట్టు. నొక్కకపోయినా కాసేపటికి పడవ దానంతటదే వచ్చి ఎక్కించుకుపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది మా గేము.

కంపెనీ తరఫున మాట్లాడిన అమ్మాయిని నేను తిట్టలేను. చాలా మంచి పిల్ల. వీడియో కాల్‌లో నలుగురికీ పేరు పేరునా నమస్కారం పెట్టింది. "ఎక్కువమంది మొదటి రేవులోనే ఆపేస్తున్నారు మేడమ్. మీరు గీసిన వరద ఎంత బాగుందో నాకు తెలుసు. కానీ అక్కడిదాకా ఎవరూ రావడం లేదు. అందరూ చివరిదాకా చూడాలనే ఇదంతా" అంది. తర్వాత తనే, "ఇప్పుడు అన్నీ వెనక్కి మార్చడం కుదరదు. మా పెద్దవాళ్ళని అడిగాను, ఒక్కదానికి ఒప్పుకున్నారు. పాతదానిలోంచి ఏదైనా ఒక్కటి, మీరు ఎలా చేశారో అలాగే ఉంచుతాం. ఏది ఉంచాలో మీరే కూర్చుని చెప్పండి" అంది.

ఒక్కటి. దానికోసం నలుగురం మా ఇంట్లో కలిశాం.

ప్రోగ్రామరు విశాఖ నుంచి బస్సులో వచ్చాడు. కొత్తపేట అమ్మాయి పొట్టిక్కలు తెచ్చింది, పనసాకుల్లో ఉడికించిన వేడి ఇంకా తగ్గలేదు. కొబ్బరి చట్నీ నేను చేశాను. ఎంతో కాలానికి కలిశాం కదా, ముందు కడుపునిండా తిని నవ్వుకున్నాం. చివరికి పళ్ళెంలో ఒక్కటే పొట్టిక్క మిగిలింది. "మాస్టారూ, మీరు తీసుకోండి." "అబ్బెబ్బే, అమ్మాయికి పెట్టండి." "నేను తిన్నానండీ, అన్నయ్యగారికి పెట్టండి." అది అలాగే ఉండిపోయింది. నేను ఆ పళ్ళేన్ని వంటింట్లో పెట్టి వచ్చాను.

ఆ ఒక్క పొట్టిక్క దగ్గరే మా సంగతి నాకు అర్థమై ఉండాల్సింది. కోనసీమ వాళ్ళం. మాకు ఎదుటివాడి మనసు నొప్పించకుండా మాట్లాడటం పుట్టుకతో వచ్చిన విద్య. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, పిల్లలు చదువుతారని రాయడం లేదు.

"అత్తయ్యగారు పెద్దవారు. ముందు మీరు చెప్పండి" అన్నారు మాస్టారు.

నా మనసులో ఏముందో చెబుతాను. నా ప్రాణం నా నీళ్ళ మీదే ఉంది. కానీ ఆ 'దాటవేయి' మీట ఉన్నంతకాలం ఎర్రనీళ్ళయితేనేం, నీలంనీళ్ళయితేనేం, చూసేదెవరు? ఆ పడవ ఆలస్యాన్నే ఉంచమందామని నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దదాన్ని, ముందే చెప్పేస్తే మిగిలినవాళ్ళు ఇంక నోరు మెదపరని, "మీరు కానివ్వండి, నేను ఆఖర్న చెబుతాను" అన్నాను.

కొత్తపేట అమ్మాయి మెల్లగా, "నాన్నగారి పిలుపు తీసేసి ఎవరిదో పెట్టేరు కదండీ" అంది.

అంతే. అందరం మా ప్రోగ్రామరు మొహం చూశాం. వాళ్ళ నాన్నకి ఇప్పుడు గొంతు లేదు. ఈ లోకంలో ఆ గొంతు మిగిలి ఉన్నది ఆ పిలుపులో మాత్రమే. దాన్ని పక్కనపెట్టి ఇంకోటి అడగడానికి నోరెలా వస్తుంది?

"ఇంకేం ఆలోచించక్కర్లేదు. పిలుపే ఉంచమందాం" అన్నారు మాస్టారు.

"ఆయ్, అదేనండీ. అదే ఉండాలండీ" అంది అమ్మాయి.

"నువ్వేమంటావయ్యా?" అని అడిగాను నేను.

అతను తల వంచుకుని చాప అంచు లాగుతున్నాడు. "మరి... మీ అందరికీ ఎలా తోస్తే అలాగేనండి" అన్నాడు. కృతజ్ఞతతో తలెత్తలేకపోతున్నాడనుకున్నాం. నేనైతే వాడి వీపు నిమిరాను కూడా.

పిలుపు అని రాసి పంపాం. కంపెనీ అమ్మాయి వెంటనే, తప్పకుండా ఉంచుతామని చాలా సంతోషంగా జవాబిచ్చింది. ఎందుకుండదు సంతోషం, మేం అడగగలిగిన వాటన్నిటిలో వాళ్ళకి తేలికైంది అదే.

విడుదల రోజున నలుగురం కాట్రేనికోన దాటి ప్రోగ్రామరు వాళ్ళ ఊరు వెళ్ళాం. వాళ్ళ నాన్నకి చూపించాలి కదా. ఆయన తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరికీ చేతులు జోడించి లోపలికి తీసుకెళ్ళి కుర్చీల్లో కూర్చోబెట్టి, తను మాత్రం టీవీ ముందు కింద కూర్చున్నాడు. కొడుకు అన్నీ తగిలించాడు. ఆడేది కొత్తపేట అమ్మాయి. ఆయన తన గొంతు మళ్ళీ వినబోతున్నాడని ఆవిడ, అంటే ఆయన భార్య, పొయ్యి కట్టేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మొదటి మిషను బాగయింది. పరుగెత్తుకుంటూ రేవు వచ్చింది. మూల 'దాటవేయి' వెలిగింది. అమ్మాయి దాని జోలికి పోలేదు, రిమోటుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పడవ వచ్చేసింది. దానితోపాటే పిలుపూ వచ్చింది. మాట ఇచ్చినట్టే, ఆయన గొంతే. "రేవోయ్... ఎక్కేవోళ్ళు..."

అక్కడితో ఆగిపోయింది. మిషన్లతను పడవలోకి దూకాడు, సంగీతం మొదలైంది, అవతలి లంక వచ్చేసింది. వాళ్ళ పడవ తొందరలో మా పిలుపు పూర్తి కావడానికి చోటు లేదు. ఒక్క ముక్క కోయలేదు వాళ్ళు, ఉన్నదున్నట్టే పెట్టారు. పూర్తయ్యేదాకా ఆగే రేవు మాత్రం లేదు.

ఆయన ముందుకి వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మిగతాది వస్తుందని చూస్తున్నాడు. రాలేదు. వెనక్కి తిరిగి అమ్మాయిని ఇంకోసారి అన్నట్టు వేలెత్తి అడిగాడు. రెండో రేవులోనూ అంతే. మూడో రేవులో పడవ కదులుతుంటే ఆయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆగు, ఇంకా అడగలేదు అన్నట్టు టీవీకి అరచెయ్యి చూపించాడు. పడవ వెళ్ళిపోయింది.

మాస్టారు ఇంక చూడలేకపోయారు. "నా దగ్గర అసలు రికార్డింగు ఉందండీ" అని ఫోను తీసి, ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించారు. పిలుపంతా వచ్చింది, చివరి ముక్కతో సహా. గదిలో ట్యూబులైటు కింద, మా అందరి మొహాల మధ్య వినిపించి అయిపోయింది. నేను అవతలి గట్టున కూర్చుని విన్నది ఇదేనా అనిపించింది. అదే. ఒక్క అక్షరం తేడా లేదు. అయినా ఆ రోజు ఒళ్ళు ఝల్లుమన్న పిలుపుకి ఈ రోజు నాలో ఏమీ కదల్లేదు. ఆయన తలాడించి, చేత్తో చాలా బాగుందని చూపించి, మాస్టారికి దణ్ణం పెట్టాడు. ఆ తలాడించడం నాకు బాగా తెలుసు. బాగోని కాఫీని బాగుందని చెప్పేటప్పుడు మేమందరం అలాగే తలాడిస్తాం.

అప్పుడు మా ప్రోగ్రామరు టీవీ ఆపేశాడు. ఎవరి మొహమూ చూడకుండా, "ఆ రోజు నేను పడవ ఆలస్యం ఉంచమందామనుకున్నానండి" అన్నాడు. "మీరందరూ నాన్న కోసమే అంటుంటే, కాదని ఎలా అంటానండి."

"అదేంటి బాబూ, నేనూ అదే అనుకున్నాను" అన్నారు మాస్టారు. "మీ నాన్నగారి గొంతు వద్దంటే నువ్వు బాధపడతావని ఊరుకున్నాను."

కొత్తపేట అమ్మాయి ఒళ్ళో రిమోటుని పక్కన పెట్టేసింది. ఆ పిల్లా అంతేనని దాని మొహమే చెప్పింది. నా సంగతి మీకు ముందే చెప్పాను. నలుగురం ఒకటే కోరుకున్నాం. నలుగురం ఎదుటివాళ్ళ కోసం దాన్ని వదులుకున్నాం. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఆ ఆలస్యం ఎలా చేసేనో మీకెప్పుడూ చెప్పలేదండి" అన్నాడతను. చెప్పడం మొదలుపెట్టాడు. మేం నదికి ఇవతలి గట్టు మాత్రమే చూపించాం కదా, అతను అవతలి గట్టు కూడా కట్టాడట. తెర మీద ఎప్పటికీ కనపడని గట్టు. అక్కడ వాళ్ళ నాన్న పొద్దున్నే పడవలో చేరిన నీళ్ళు తోడి పోస్తాడు. కొబ్బరికాయల బస్తాలు దింపుతాడు. ఎవరో బాలింత వస్తోందంటే ఆవిడ గట్టు దిగేదాకా ఆగుతాడు. సైకిలు ఎక్కించాలా వద్దా అని ఒకాయనతో రోజూ పోట్లాడతాడు. పాటు తీస్తే పడవ బురదలో కూరుకుపోతే నలుగురిని పిలిచి తోయిస్తాడు. ఈ పనులన్నీ తెమిలాకే పడవ కదులుతుంది. అందుకే అది ఎప్పుడొస్తుందో మాకు కూడా తెలిసేది కాదు. ఎవరూ చూడని లెక్కలు ఎందుకని కొత్త కంపెనీవాళ్ళు మొత్తం తీసేశారు.

"ఆ పిలుపులో ఉన్నది నాన్న గొంతేనండి" అన్నాడు. "ఆ ఆలస్యంలో నాన్నే ఉన్నాడండి."

ఆయన కొడుకు మొహం, మా మొహాలు మార్చి మార్చి చూశాడు. ఏం అర్థమైందో తెలియదు. లేచి వెళ్ళి కొడుకు తలమీద చెయ్యి వేసి, భార్యకి టీ పెట్టమని సైగ చేశాడు.

నేను ఎన్ని కోటలకి ఎన్ని రంగులు వేసినా ఆ గట్టులాంటిది ఒక్కటీ చేయలేదు. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకి నేను చెప్పాలనుకున్నది అదే. మీ ఆటని ఎవరో అందంగా మారుస్తారు, మంచి మనసుతోనే మారుస్తారు. ఏది కాపాడుకుంటారని మిమ్మల్ని అడిగినప్పుడు పక్కవాడి మొహం చూడకండి. పైకి కనిపించేదాన్ని అందరూ కాపాడతారు. పాత లంకరేవు ఇప్పుడు అంగట్లో దొరకడం లేదు, కొన్నవాళ్ళ దగ్గరా, మా దగ్గరా కూడా పాతది పోయి కొత్తదే వచ్చి కూర్చుంది. ఆ పాత రేవు గట్టు మీద ఒక్క సాయంత్రం మళ్ళీ కూర్చోవాలని నాకెంత ఉందో చెప్పలేను. నా సొంత ఊళ్ళో, నా కిటికీలోంచి గోదారిపాయ కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆ కోరిక ఉంది.

టీ తాగాక బయలుదేరాం. ఆయన కూడా మమ్మల్ని సాగనంపడానికి రోడ్డుదాకా వచ్చాడు. అమలాపురం బస్సు రాలేదు. కాలవ మీద తూము గోడ ఉంటే దానిమీద వరసగా కూర్చున్నాం. చేపల చెరువుల మీదనుంచి గాలి వస్తోంది. అమ్మాయి చెప్పులు విప్పేసి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. రొయ్యల లారీ ఒకటి వెళ్ళింది, సైకిలు మీద గడ్డిమోపు వెళ్ళింది. బస్సు రాదు. మొదట్లో టైము చూసుకున్నాం, తర్వాత అదీ మానేశాం. ఎండ కొబ్బరాకుల చివరికి ఎక్కి, అక్కడనుంచి కూడా పోయింది. ఎందుకొచ్చామో, ఎక్కడికి వెళ్ళాలో కూడా ఎవరికీ పట్టలేదు.

మలుపులో బస్సు కనపడగానే ఆయన లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకి కూడా తెలుసనుకోను. రోడ్డు అంచుకి వెళ్ళి, చెరువుల వైపు తిరిగి, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని తల పైకెత్తాడు. మెడ నరాలు బిగిశాయి. పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. రేవోయ్. ఎక్కేవోళ్ళు రండీ. అక్కడితో ఆపలేదు. ఊపిరి అయిపోయేదాకా సాగదీసి, ఇంకెవరన్నా ఉన్నారాండీ అని అడిగాడు. నా ఒళ్ళు ఝల్లుమంది. కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆయన చెయ్యి దించేదాకా మేమెవరం ఎక్కలేదు.